దశమభాగం డబ్బులోంచి మా పనావిడ అప్పు తీర్చొచ్చా?

బ్రాడీపేట కోడలు:

అందరికీ వందనాలు. ఒక విషయంలో మా ఇంట్లో కొన్నాళ్లుగా మాటామాటా నడుస్తోంది, ఎటూ తేలట్లేదు. ఇక్కడ వాక్యం తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మాది గుంటూరు. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్ని. పెళ్లైన దగ్గర్నుంచి ఇద్దరి జీతాల్లోంచి దశమభాగం, అంటే దేవుడికిచ్చే పదోవంతు, ముందే తీసి కవర్లో పెట్టి బీరువాలో దాస్తాం. మొదటి ఆదివారం అది కానుకల సంచిలో వేస్తాం. ఈమధ్య ఇద్దరిదీ కలిపి 6,500 అవుతోంది. కరెంటు బిల్లుకి తడుముకున్న నెలల్లో కూడా ఆ కవరు జోలికి వెళ్లలేదు.

మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచే ఆవిడని నేను అక్కా అని పిలుస్తాను. వాళ్లాయన మిర్చి యార్డులో హమాలీ. వేసవిలో యార్డుకి సెలవులిస్తారు కదా, ఆ రోజుల్లో ఎలాగూ పనుండదు. ఈసారి సెలవులకి ముందే బస్తా మోస్తూ జారిపడి భుజం ఎముక విరిగింది. ఆపరేషన్ కార్డు మీద ఉచితంగానే అయిపోయింది గానీ, తర్వాత ఇల్లు గడవడానికి, ఆసుపత్రికి ఆటోల్లో తిరగడానికి ఆవిడ 20,000 అప్పు తెచ్చింది. వడ్డీ నూటికి పది రూపాయలు. అంటే నెలకి 2,000. నేనిచ్చే జీతం 2,500.

ప్రతి ఐదో తారీఖున ఆ అప్పిచ్చినాయన బండి మీద వచ్చి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడతాడు. లోపలికి రాడు, గొడవ చెయ్యడు, ఫోన్ చూసుకుంటూ ఉంటాడంతే. నేను జీతం చేతిలో పెట్టగానే అక్క ఆ నోట్లు చేతిలోనే పట్టుకుని మెట్లు దిగి వెళ్లి ఆయనకిచ్చేసి వస్తుంది. మిగిలిన 500 అప్పుడు జాకెట్లో పెట్టుకుంటుంది. ఇన్ని నెలలైనా అసలు ఒక్క రూపాయి తగ్గలేదు.

నాకు తట్టింది ఏంటంటే, మూడు నెలల కవర్లు కలిపితే 19,500. ఆవిడ అప్పు దాదాపు తీరిపోతుంది. మా ఆయన ఒప్పుకోవట్లేదు. “అది దేవుడి సొమ్ము, మన ఇష్టం వచ్చిన చోట పెట్టడానికి మనదా? ఇవ్వాలనుంటే మన తొంభై శాతంలోంచి ఇవ్వు” అంటారు. మాట కరెక్టే అనిపిస్తుంది. కానీ ఇంటి లోన్, చీటీ, పిల్లాడి ఫీజు పోయాక ఆ తొంభై శాతంలో మిగిలేది ఏముంది?

మా సంఘ పెద్ద ఒకాయన్ని అడిగితే “ఆవిడ మందిరానికి వస్తుందా? వస్తే పేదల నిధిలోంచి చూద్దాం” అన్నారు. అక్క ప్రతి శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్తుంది. ఆయన ఆ మాట మంచిగానే అన్నారు గానీ నాకెందుకో మింగుడుపడలేదు.

దశమభాగంలోంచి ఇవ్వడం తప్పా? ఇస్తే ఊరికే ఇవ్వాలా, అప్పుగా ఇవ్వాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


సిలువ సైనికుడు:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మీ భర్తగారు చెప్పిందే వాక్యానుసారం. మలాకీ 3:10 చూడండి, పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మన్నాడు. అంతా అన్నాడు, కొంత అనలేదు. అది మనం పంచిపెట్టే డబ్బు కాదు, అప్పగించాల్సిన డబ్బు. బ్యాంకు కిస్తీ కట్టాల్సిన రోజున “ఈ నెల పేదవాళ్లకిచ్చాను” అంటే మేనేజర్ ఊరుకుంటాడా?

ఇంకో విషయం. అందరూ ఇలా ఎవరికి తోచినట్టు వాళ్లు మళ్లిస్తే పల్లెటూళ్లలో పాస్టర్ల గతేంటి? మా మేనమామ పల్లె సంఘంలో సేవ చేస్తాడు. ముప్పై గడపల సంఘం, కోతలప్పుడు తప్ప చేతిలో డబ్బు ఆడదు. సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల జీవించాలని 1 కొరింథీ 9:14లో ఉంది. పేదలకి ఇవ్వొద్దని నేననట్లేదు. దశమభాగం దశమభాగమే, ధర్మం ధర్మమే. రెండోది మీ చేతి ఖర్చుల్లోంచి చెయ్యండి, ఆశీర్వాదం వస్తుంది.


డోర్నకల్ మాస్టారు:

అమ్మా, దీవెనలు. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, దైవజనుణ్ణి కాదు. దీన్ని బోధగా తీసుకోకు, ఇంట్లో పెద్దవాడు చెప్పాడనుకో.

బ్రదర్ చెప్పిన పల్లె పాస్టరు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని తేలిగ్గా తీసేయకు. కానీ దశమభాగం అనగానే అందరూ మలాకీ తలుపే తడతారు, ద్వితీయోపదేశకాండం దాకా నడవరు. అక్కడ 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు చదువు. మూడేళ్లకోసారి ఆ యేటి పంటలో పదోవంతు బయటికి తెచ్చి నీ ఊళ్లోనే ఉంచమంటాడు. ఎవరికోసమంటే, మందిర సేవ చేసే, పొలం పాలు లేని లేవీయుడి కోసం, పరదేశి కోసం, తండ్రి లేని పిల్లల కోసం, విధవరాలి కోసం. వాళ్లొచ్చి కడుపునిండా తినాలని. 26వ అధ్యాయం 12వ వచనంలో మళ్లీ ఇదే. బ్రదర్ గారి మేనమామ లాంటి సేవకుడూ, వేరే దేవుణ్ణి కొలిచే ఊళ్లోంచి వచ్చిన పరదేశీ ఒకే బంతిలో కూర్చున్నారక్కడ. పరదేశిని “మందిరానికి వస్తావా” అని ముందు అడగమని రాసి లేదు.

మలాకీలో కూడా పదో వచనానికి ముందు ఐదో వచనం ఉంది. కూలివాళ్ల కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లనీ తండ్రి లేనివాళ్లనీ పరదేశుల్నీ బాధపెట్టేవాళ్ల మీద దేవుడు సాక్షిగా నిలబడతానంటాడు. నా ఇన్నేళ్లలో పదో వచనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. ఐదో వచనం మీద ఒక్కటి వినాలని ఉంది.

ఇక వడ్డీ. నెహెమ్యా 5వ అధ్యాయంలో పేద యూదులు పొలాలు తాకట్టు పెట్టి, పిల్లల్ని దాస్యానికి పంపి మొరపెట్టుకుంటే అధికారిగా ఉన్న నెహెమ్యాకి పట్టరాని కోపం వచ్చింది. గొప్పోళ్లని నిలదీసి, పొలాలతో పాటు వాళ్ల దగ్గర గుంజుకున్న నూటికి ఒకటి కూడా తిరిగిచ్చెయ్యమన్నాడు. నూటికి ఒకటి! మీ గేటు దగ్గర నిలబడే పెద్దమనిషి నూటికి పది తీసుకుంటున్నాడు.

మాది డోర్నకల్ దగ్గర పల్లె. వరికోతలయ్యాక పరిగె ఏరడం నాకు తెలుసు. నేను ఏరినవాణ్ణి, వదిలినవాణ్ణి కాదు. పనలు ఎత్తేసిన మడిలో మా అమ్మ వెనకాల చిన్న గంప పట్టుకుని వంగి వంగి వెన్నులు ఏరేవాణ్ణి. వరి మోళ్లు గుచ్చుకుని కాళ్లు నెత్తుర్లు కారేవి. కొందరు రైతులు కుప్ప లేవగానే గొర్రెల్ని తోలేవాళ్లు, మాకేం దొరక్కుండా. ఒకాయన మాత్రం కోతకొచ్చిన కూలోళ్లతో “గట్టువార మరీ గీకి కొయ్యకండి” అని కేకేసేవాడు. ఆయన క్రైస్తవుడు కాదు, బైబిలు పేరైనా విన్నాడో లేదో. లేవీయకాండం 19లో పొలం ఓరల్లో పూర్తిగా కొయ్యొద్దన్న ఆజ్ఞ నేను ఆదివారం బడిలో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే.

పరిగె ఏరుకోవడానికొచ్చిన రూతు గురించి పొలం యజమాని బోయజు కూడా పనివాళ్లతో ఏం చెప్పాడు? ఆమె కోసం కట్టల్లోంచి కావాలని కొన్ని లాగి పడేయండి, ఆమెని గద్దించకండి అన్నాడు (2:16). సాయంత్రం రూతు దుళ్లగొట్టుకుని మోసుకెళ్లిన యవలు ఆమె రెక్కల కష్టం. దానం పుచ్చుకున్నానని ఆమె ఎవరికీ తలొంచక్కర్లేదు.

నువ్వడిగిన రెండో ప్రశ్నకి నా జవాబు అందులోనే ఉంది. ఊరికేనా, అప్పా అన్నది నువ్వూ మీ ఆయనా కాదు, ఆవిడ చెప్పాలి. అడుగు.

మీ సంఘ పెద్ద మాటకి వస్తాను. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఏం చేశాడో మీ గుంటూరు, ప్రకాశం వాళ్లకి నేను చెప్పాలా? బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు ఆయన తీసుకుని, ఆకలితో వచ్చిన వాళ్లకి పని చూపించి కూలి ఇచ్చాడు. ఆ కరువు రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని వస్తే ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట వాళ్లకీ వద్దు, సంఘానికీ వద్దనుకున్నాడు. పని అయిపోయాక, ఇక పంచడానికి డబ్బేమీ లేదని తెలిశాక కూడా వచ్చిన వాళ్లకే ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మనవాళ్లు ఆ అంకె గర్వంగా చెప్పుకుంటారు. దానికి ముందు నెలల తరబడి ఆయన కాదన్న సంగతి చెప్పుకోరు.

ఇంకొక్కటి, అడిగితే ఏమనుకోవు కదా. కవరు గురించి అడిగావు. ఆ 2,500 జీతం గురించి అడగలేదు. అది ఎప్పటి రేటు?


సిలువ సైనికుడు:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ద్వితీయోపదేశకాండంలోది మూడో ఏట మాత్రమే. మిగతా ఏళ్లు? మీ మాట పట్టుకుని ప్రతి నెలా ప్రతివాళ్లూ ‘నా పరదేశి’ అంటూ ఎవరికో ఇస్తే మందిరం దీపం ఎవరు వెలిగిస్తారు?


డోర్నకల్ మాస్టారు:

అబ్బాయ్, మంచి ప్రశ్న. ఆవిడ అడుగుతున్నదీ మూడు నెలల సంగతే, మిగతా నెలలు నీ లెక్కలోనే ఉన్నాయి కదా.

దీపం సంగతి చెప్తాను. మా అమ్మ కూలికెళ్లేది. సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్క ముంతలో వేసేది. సగం నూకలే అనుకో. శనివారం బైబిల్ స్త్రీ, అంటే సంఘం తరఫున ఇళ్లకి తిరిగే ఆవిడ, వచ్చి ఆ ముంత తన సంచిలో గుమ్మరించుకుని, అడుగున తట్టి మరీ ఖాళీ చేసుకుని వెళ్లేది. మాకు అన్నం తక్కువైన రోజున కూడా ఆ పిడికిలి ఆగలేదు. చిన్నప్పుడు నాకు మహా కోపంగా ఉండేది.

మా డోర్నకల్ అజరయ్య బిషప్ గారు 1912లో అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన కింద ఉన్న పల్లె సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కూలి కుటుంబాలు. వాళ్లు పుచ్చుకోవడానికే పుట్టారని ఆయన అనుకోలేదు, ఎంత లేనివాడైనా ఇచ్చేవాడే అని నేర్పారు. 1939లో ప్రతిష్ఠ అయిన మా ఎపిఫనీ కెథీడ్రల్‌కి ఎప్పుడైనా వస్తే చూడు, గోపురాలూ స్తంభాలూ మన గుళ్లూ మసీదులూ గుర్తొచ్చేట్టు ఉంటాయి. ఇవ్వడం ఉన్నోడి పని, పుచ్చుకోవడం లేనోడి పని అన్న విభజన మా దగ్గర లేకుండా పోయింది ఆయన నేర్పిన దానితోనే. దీపం వెలిగించింది ఆ పిడికిళ్లే. మనం ఒకరి అప్పు తీర్చినంత మాత్రాన ఆరిపోయేది కాదది.


మెస్ కార్డు:

నేను వాక్యం గురించి మాట్లాడను, అంత తెలీదు. పుచ్చుకున్న వైపు నుంచి నాలుగు మాటలు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న పోయారు. క్రిస్మస్ ముందు ఆదివారం మా మందిరంలో విధవరాండ్రకి చీరలు పంచేవాళ్లు. మైకులో పేర్లు పిలిచేవాళ్లు, ఒక్కొక్కరే లేచి ముందుకెళ్లాలి. అన్ని చీరలూ ఒకే రకం, తెల్ల నేల మీద నీలం చుక్కలు, థాన్లకి థాన్లు కొనేవాళ్లేమో. పండగ నాడు ఆ చీర ఎవరు కట్టుకుంటే వాళ్లెవరో ఊరంతా తెలిసిపోయేది. ఒక ఏడాది దాతగారు ఒక కొస, మా అమ్మ ఒక కొస పట్టుకున్నారు. ఫోటో సరిగ్గా రాలేదు, కళ్లు మూసుకుందట. తీసుకున్న చీర వెనక్కిచ్చి మళ్లీ తీసుకోమన్నారు. మళ్లీ తీసుకుంది. నేను మగవాళ్ల వైపు మూడో వరసలో ఉన్నా.

ఆ చీరల్ని మా అమ్మ ఒక్కసారీ కట్టలేదు. వాటితో దిండు గలీబులు కుట్టింది. నాకు ఇంటర్ దాకా నీలం చుక్కల దిండే.

అదే మందిరంలో ఇంకెవరో నా హాస్టల్ మెస్ బిల్లు రెండేళ్లు కట్టారు. ఎవరో నాకు ఈరోజుకీ తెలీదు. బకాయిల లిస్టులో నా పేరు ఎందుకు లేదని అడిగితే గుమస్తా “కట్టేశారు, పోరా” అన్నాడు. అంతే. నేను వెళ్లి ఎవరికీ థ్యాంక్స్ చెప్పాల్సిన పని పడలేదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మీద ప్రసంగం వింటే నాకా గుమస్తా మొహం గుర్తొస్తుంది. పాపం ఆయనకి ఎప్పుడూ చిరాకే.

సిస్టర్, మీరు ఏ డబ్బులోంచి ఇచ్చినా ఫర్వాలేదు. డబ్బుతో పాటు కరపత్రం ఇవ్వకండి. అప్పు తీర్చిన వారమే ఆదివారం మందిరానికి రమ్మని పిలవకండి. మీరు ప్రేమగానే పిలుస్తారు, నాకు తెలుసు. కానీ ఆవిడ కాదనలేదు కదా. కాదనే వీలు లేనప్పుడు పిలవడం పిలుపు కాదు. సంఘంలో సాక్ష్యం కూడా చెప్పకండి, “మా పనావిడకి అప్పు తీర్చే కృప దేవుడిచ్చాడు” అని. మీ వీధిలో ఆవిడ ఇంకో మూడిళ్లలో పని చేస్తూ ఉండుంటుంది.


తెనాలి టీ:

నమస్తే. మేం క్యాథలిక్కులం, మాకు దశమభాగం మీద ఇంత పట్టింపు లేదు కాబట్టి ఆ వాదనలోకి రాను. నేను పట్టణంలో పొదుపు సంఘాల పని చూస్తాను, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్‌పీని, అంటే రిసోర్స్ పర్సన్ని. ఈ పది రూపాయల వడ్డీ వ్యవహారాలు రోజూ చూసేదాన్ని. అందుకని పని మాటలు చెప్తాను.

మొదట, అప్పు ఎలా రాసిచ్చిందో కనుక్కోండి. ప్రామిసరీ నోటా? ఖాళీ నోటు మీద వేలిముద్రో సంతకమో పెట్టించుకున్నారా? కొంతమంది ఏటీఎం కార్డు, పాసుపుస్తకం కూడా తీసుకుని దగ్గర పెట్టుకుంటారు. ప్రభుత్వం వేసిన డబ్బు పడగానే వాళ్లే డ్రా చేసుకుంటారు. ఆవిడ సిగ్గుపడి ఇది చెప్పదు. మెల్లగా అడగండి. కార్డు వాళ్ల దగ్గరుంటే మీరు అప్పు తీర్చినా సగం పనే అయినట్టు.

రెండోది, అప్పు తీర్చే రోజున మీరో మీవారో పక్కన ఉండండి. డబ్బు మాత్రం ఆవిడ చేతితోనే ఇప్పించండి. చదువుకున్న మనిషి పక్కనుంటే చాలు, లెక్కలో పాత వడ్డీ, లేటు వడ్డీ అని కొత్తవి పుట్టవు. ఒక్కోసారి, ఇన్ని నెలలు వడ్డీ తిన్నారు కదా, రెండు వేలు తగ్గించుకోండి అంటే తగ్గిస్తారు కూడా.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ అప్పు తీరాక ఇంకో కష్టమొస్తే మళ్లీ అదే గేటు. ఆవిడ ఏ పొదుపు సంఘంలోనూ లేకపోతే మీ వార్డు సచివాలయంలో అడిగితే ఆర్‌పీ ఎవరో చెప్తారు. పది మంది దాకా ఆడవాళ్లు కలిసి నెలనెలా వందో రెండొందలో దాచుకుంటారు. ఆ డబ్బులోంచే రూపాయి వడ్డీకో రెండు రూపాయల వడ్డీకో లోపలే అప్పు తీసుకోవచ్చు. ఆరు నెలలు సరిగ్గా నడిస్తే బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు అప్పు, వస్తుంది. నూటికి పది ఎక్కడ, ఇదెక్కడ. మా దగ్గర ఒకావిడ పెద్దమ్మాయి పెళ్లికి చేసిన అప్పు వడ్డీ కడుతూనే చిన్నమ్మాయి పెళ్లి ఈడుకొచ్చింది. సంఘంలో చేరాకే అసలు ముట్టింది.

మా నాన్నగారు మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పేదలకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సభ మెంబరు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల కాలేజీ కుర్రాడు స్నేహితులతో మొదలుపెట్టిన సభ అది. రోసలీ అనే సిస్టర్ వాళ్లని పేదల ఇళ్లకి పంపి పని నేర్పించింది. మా నాన్నకి వచ్చింది కూడా అదే పద్ధతి, పేదవాళ్లని గుడికి పిలిపించకుండా ఇద్దరిద్దరుగా వాళ్లింటికే వెళ్లడం. నాన్న వెంట నేనూ సైకిలు మీద వెళ్లేదాన్ని. చాప వేస్తే చాప మీదే కూర్చునేవాడు. టీ ఇస్తే తాగేవాడు, షుగరున్నా సరే తాగేవాడు. అమ్మ తిట్టేది. “మనమిచ్చేది వాళ్లు తీసుకుంటున్నారు, వాళ్లిచ్చేది మనం వద్దనకూడదు” అనేవాడు. ఏ ఇంటికి వెళ్లారో మిగతావాళ్ల దగ్గర చెప్పకూడదన్నది వాళ్ల నియమం. మా అమ్మకి కూడా చెప్పేవాడు కాదు. నేను చిన్నపిల్లని కాబట్టి నన్ను లెక్కలోకి తీసుకోలేదనుకుంటా.

మీరెప్పుడైనా మీ అక్క ఇంటికి వెళ్లారా?


బ్రాడీపేట కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత రాస్తారనుకోలేదు. మా ఆయన కూడా మొత్తం చదివారు, మాస్టారి గారిది రెండుసార్లు.

మాస్టారూ, జీతం మూడేళ్ల నుంచీ అదే. పెంచుదామని పోయినేడాది అనుకున్నా. మా అపార్ట్‌మెంట్‌లో అందరిదీ ఒకటే రేటు. ఒకరు పెంచితే “నువ్వు రేటు చెడగొడుతున్నావు, రేపు మా పనమ్మాయీ అడుగుతుంది” అని మీటింగులో మొహం మీదే అంటారు. పై ఫ్లోరులో ఒకావిడకి అలాగే అయింది. అయినా ఈ నెల నుంచి 3,500 ఇస్తున్నా. అనేవాళ్లని అననీ.

అక్కని అడిగాను. అప్పు తీరుస్తామంటే మొదట నమ్మలేదు. తర్వాత “ఊరికే వద్దమ్మా, నెలకి ఐదొందలు పట్టుకో” అంది. వడ్డీ లేకుండా అంటే ఎన్ని నెలలో నేను లెక్క చెప్పబోతే “అదంతా నాకెందుకు, పట్టుకుంటూ ఉండు, తీరాక చెప్పు” అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. మాస్టారన్నట్టు అడగడమే మంచిదయింది. నేనైతే ఊరికే ఇచ్చేసి ఉండేదాన్ని.

డబ్బు సంగతి మా ఆయన తేల్చారు. కవర్లు ముట్టుకోవద్దన్నారు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు. కానీ మా చీటీ ఇంకా పాడలేదు, చివరిదాకా ఆగి మొత్తం తీసుకుందామని నాలుగేళ్ల నుంచి ఓపిక పడుతున్నారు. ఈ నెల పాట పాడేస్తానన్నారు. పాటలో కొంత పోతుంది. “పోయేది నాది, కవరు దేవుడిది, గొడవ లేదు” అన్నారు. నాకు నవ్వొచ్చింది, కాస్త కోపం కూడా వచ్చింది. నేను ద్వితీయోపదేశకాండం చూపిస్తే “వచ్చే ఏడాది మూడో ఏడు చేద్దాంలే” అంటున్నారు. నా మనసుకి ఇంకా పూర్తిగా తేలలేదు.

టీ గారూ, మీరన్నది నిజం. ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంది. అడిగితే గానీ చెప్పలేదు. ఆవిడ ఇంటికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆదివారం వెళ్తాం, మందిరం అయ్యాక.


సిలువ సైనికుడు:

సిస్టర్, మీ భర్తగారికి నా వందనాలు చెప్పండి. సొంత డబ్బు నష్టపోయి ఇస్తున్నారు చూడండి, ప్రభువు చూస్తాడు. మాస్టారూ, మలాకీ 3:5 మీద వచ్చే నెల మా యూత్ కూడికలో మాట్లాడమన్నారు నన్ను. ఆ నెహెమ్యా సంగతి కూడా వాడుకుంటాను, మీ పేరు చెప్పను.


తెనాలి టీ:

కార్డు ఆయన దగ్గరుంటే డబ్బిచ్చేటప్పుడే, అదే నిమిషంలో వెనక్కి తీసుకోండి. “రేపిస్తా, ఇంట్లో ఉంది” అంటే డబ్బు కూడా రేపే అనండి. తీసుకున్న వెంటనే దగ్గర్లోని ఏటీఎంకి వెళ్లి అక్కతో పిన్ మార్పించండి. నోటు ఇచ్చినప్పుడు అది ఆవిడ రాసిచ్చిన నోటేనా, జిరాక్సా అన్నది వెలుతుర్లో చూసుకోండి, అసలు నోటులో రెవెన్యూ స్టాంపు విడిగా అతికించి, దాని మీద సిరా సంతకం ఉంటుంది, జిరాక్సులో అదంతా కాగితం మీద అచ్చయినట్టే ఉంటుంది. వెనక ‘మొత్తం ముట్టినది’ అని తేదీతో చెల్లు రాయించుకుని, ఆయన సంతకం పెట్టాక ఫోన్లో ఫోటో తీసుకోండి. చింపడం ఆ తర్వాత. చాలామంది సంతోషంలో ముందు చింపేస్తారు. ఆదివారం బ్యాంకు ఉండదు కాబట్టి పాసుపుస్తకం ఎంట్రీ సోమవారం వేయించండి, ఈ మధ్య ఆవిడ ఖాతాలో ఏం పడ్డాయో, ఎవరు తీశారో అప్పుడు బయటపడుతుంది. ఏదైనా తేడా కనిపిస్తే ఇక్కడే రాయండి, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.